పిల్లల ఫోన్‌పై పెద్దల కాపు: గుంటూరు–ప్రకాశం మైదానంలో

పిల్లలు ఫోన్‌లో ఏం చూస్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో, ఎంతసేపు గడుపుతున్నారో తల్లిదండ్రులు వారి క్షేమం కోసం తెలుసుకుంటూ ఉండడాన్ని, అవసరమైన చోట హద్దులు పెట్టడాన్ని ఫోన్ పర్యవేక్షణ అంటారు. పక్కన కూర్చుని చూడడం, వాడే సమయం నిర్ణయించడం, ఫోన్ సెట్టింగులు మార్చడం, పర్యవేక్షణ యాప్ పెట్టడం, పిల్లలకు తెలియకుండా సందేశాలు చదవడం వరకు దీనికి చాలా రూపాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పత్తి, మిరప పండే గుంటూరు–ప్రకాశం మైదానంలో ఈ విషయానికి ప్రత్యేకత ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో పెద్దలు తెల్లవారుజామునే చేలోకి వెళతారు. ఫోన్ వాడకంలో పిల్లలకున్న నేర్పు పెద్దలకు ఉండదు. పైగా ఒకే ఫోన్ పిల్లలకు పాఠశాలగా, పెద్దలకు బ్యాంకుగా పనిచేస్తుంది. పట్నంలో ఒక్కొక్కరికి ఒక్కో ఫోన్ ఉన్న కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పే సలహాలు ఈ ఇళ్లకు సగమే సరిపోతాయి.

ప్రాంతం, కుటుంబాల స్థితి

2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. పాత ప్రకాశం జిల్లా నుంచి చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు అప్పుడు బాపట్లలో చేరాయి. పాలనా హద్దులు మారినా నల్లరేగడి నేల, దాని మీద పత్తి, మిరప, ఆ పంటలతో ముడిపడిన బతుకు మారలేదు. ప్రత్తిపాడు, సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏడాది లెక్క పంటను బట్టే సాగుతుంది. ఇక్కడి మిరప గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. దేశంలోని ఎండుమిర్చి మార్కెట్లలో అదే పెద్దది.

పత్తి తీతలు దసరా నాటికి మొదలై సంక్రాంతి దాటే వరకు సాగుతాయి. మిరప కోతలు జనవరిలో ఊపందుకుని వేసవి దాకా నడుస్తాయి. ఆ నెలల్లో తల్లులు చద్ది కట్టుకుని ఆటోల్లో కోతలకు వెళతారు. తండ్రులు కల్లాల దగ్గర కాయలు ఎండబెట్టుకుంటూ, రాత్రిళ్లు కాపలా కాస్తూ, యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) తోలుకుంటూ గడుపుతారు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు కూడా ఆ నెలల్లోనే వస్తాయి. అంటే పిల్లలకు పెద్దల తోడు ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఇంట్లో పెద్దలుండరు.

పాత ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో పరిస్థితి ఇంకా కష్టం. మార్కాపురం, యర్రగొండపాలెం, కనిగిరి వైపు వానలు లేని ఏడు హైదరాబాదు, బెంగళూరు నగరాలకు కూలి పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు ఎన్నో. పిల్లలు నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుకుంటారు. అక్కడ అమ్మానాన్నల గొంతు వినడానికి ఫోన్ ఒక్కటే దారి. ఆ ఇంట్లో ఫోన్ తీసేసుకోవడం అంటే పిల్లవాడిని అమ్మానాన్నలకు దూరం చేయడమే.

ఫోన్ ఇంట్లోకి వచ్చిన క్రమం

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక డేటా ధర బాగా తగ్గింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. అయినా పిల్లల చేతికి ఫోన్ రావడానికి అసలు కారణం కరోనా. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది నవంబరు 2న తిరిగి తెరవడం మొదలయ్యే వరకు పాఠాలు టీవీలోనూ ఫోన్లోనూ సాగాయి. అంతవరకు బటన్ల ఫోన్‌తో సరిపెట్టుకున్న ఇళ్లు కూడా అప్పు చేసి స్మార్ట్‌ఫోన్ కొన్నాయి. కరోనా పోయినా హోంవర్కు కోసం తరగతి వాట్సాప్ గ్రూపులు మిగిలాయి.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠ్యాంశాలు నింపిన ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. ఉపాధ్యాయులతో కలిపి రాష్ట్రంలో 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అనవసరమైన విషయాలు తెరుచుకోకుండా వాటిలో నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఉంచినట్లు ప్రభుత్వం ప్రకటించింది. పిల్లల ఫోన్ వాడకాన్ని యంత్రం ద్వారా అదుపు చేయడం అనే ఆలోచన ఈ పల్లెలకు ఇంత పెద్ద ఎత్తున పరిచయమైంది అప్పుడే. మరుసటి ఏడాది, 2023 ఆగస్టులో, ప్రభుత్వం బడుల్లో సెల్‌ఫోన్ల వాడకాన్ని నిషేధించింది. విద్యలో సాంకేతికతపై యునెస్కో ఆ ఏడాది వెలువరించిన నివేదికను ఆ నిర్ణయానికి ఒక ఆధారంగా చూపింది.

ఇప్పుడు రైతు ఇంట్లో ఫోన్ ఎన్నో పనులకు కేంద్రం. మద్దతు ధరకు పత్తి అమ్ముకోవాలంటే భారత పత్తి సంస్థ 2025లో తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకోవాలి. పంట సొమ్ము పడినట్లు సందేశం, బ్యాంకు ఓటీపీ, రుణం కిస్తీ గుర్తుచేసే కాల్ అన్నీ ఆ ఫోన్‌కే వస్తాయి. చాలాసార్లు ఆ సందేశాలు చదివి చెప్పేది తొమ్మిదో తరగతి చదివే కూతురో కొడుకో.

ఫోన్ వాడకంలో పెద్దలకూ పిల్లలకూ ఉన్న ఈ తేడానే గణాంకాలు కూడా చూపుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. పిల్లల సంగతి వేరు. దేశంలోని గ్రామీణ పిల్లలపై అసర్ సంస్థ 2024లో జరిపిన సర్వేలో 14–16 ఏళ్ల వారిలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. అలా వాడడం వచ్చినవారిలో, సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం ఉంటే, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో ఇబ్బంది పెట్టే ప్రొఫైల్‌ను అడ్డుకోవడం తెలిసినవారు 62 శాతమే. ఫోన్ వాడడం నేర్చుకున్న పిల్లలందరూ తమను తాము కాపాడుకోవడం నేర్చుకోలేదన్న మాట.

పిల్లలకు ఎదురయ్యే ప్రమాదాలు

మొదటిది, ముఖ్యమైనది అపరిచితుల పరిచయం. ఆటలోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో మంచిగా మాటలు కలిపి, నెమ్మదిగా నమ్మకం సంపాదించి, ఒక ఫొటో అడిగి, ఆ ఫొటో చేతికి రాగానే బెదిరించడం ఇందులో సాధారణంగా జరిగే క్రమం. డబ్బు కోసం, మరిన్ని ఫొటోల కోసం, కలవమని బలవంతపెట్టడం కోసం ఆ ఫొటోను ఆయుధంగా వాడతారు. 2021లో గుంటూరు నగరంలో ఒక బీటెక్ విద్యార్థిని పట్టపగలు నడిరోడ్డు మీద హత్యకు గురైంది. నిందితుడితో పరిచయం ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలైందని పోలీసులు తేల్చారు. 2022లో గుంటూరు ప్రత్యేక న్యాయస్థానం అతడికి మరణశిక్ష విధించింది. ఆన్‌లైన్ పరిచయం వీధిలోకి ఎలా నడిచి రాగలదో ఆ కేసు ఈ ప్రాంతమంతటికీ చూపింది.

రెండోది డబ్బు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో, ఫ్రీఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించినా, వాటి మారు రూపాలు, అలాంటి ఆటలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఆటలో తుపాకులు, దుస్తులు, వజ్రాలు కొనాలంటే డబ్బు కట్టాలి. తండ్రి యూపీఐ పిన్ తెలిసిన పిల్లవాడికి అది కష్టం కాదు. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా అలాంటి ఆటలను నిషేధించింది. బెట్టింగ్ యాప్‌ల లింకులు టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో వస్తాయి గనుక చట్టం ఉన్నా ఇంట్లో జాగ్రత్త తప్పదు. యార్డులో మిర్చి అమ్మిన సొమ్ము, సీజనంతటి కష్టం ఒకేసారి ఖాతాలో పడే కుటుంబానికి ఈ ప్రమాదం మామూలుది కాదు.

మూడోది వయసుకు తగని దృశ్యాలు. నాలుగోది తోటి పిల్లల వేధింపు: తరగతి గ్రూపులో ఎగతాళి, దొంగ ఖాతాలు, మార్ఫింగ్ ఫొటోలు. అయిదోది నిద్ర, చదువు చెడడం. అదుపు తప్పిన ఆటల అలవాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఎక్కువసేపు ఆడే ప్రతి పిల్లవాడూ రోగి అని దీని అర్థం కాదు. చదువు, తిండి, నిద్ర, స్నేహాలు అన్నీ వదిలేసి నెలల తరబడి ఆటే లోకమైనప్పుడే ఆ మాట వర్తిస్తుంది.

పర్యవేక్షణ పద్ధతులు

ఈ పద్ధతులను నాలుగు రకాలుగా చూడవచ్చు. మొదటిది కలిసి వాడడం: చిన్న పిల్లల పక్కన కూర్చుని చూడడం, వాళ్లు ఆడే ఆట ఏమిటో అడిగి తెలుసుకోవడం. రెండోది హద్దులు పెట్టడం: భోజనం వేళ, పడుకునే వేళ ఫోన్ వద్దనడం, రాత్రి ఫోన్‌ను పెద్దల దగ్గర ఛార్జింగ్ పెట్టడం. మూడోది సాంకేతిక నియంత్రణ: యాప్‌ల అనుమతి, సమయ పరిమితి, వడపోత. నాలుగోది రహస్య నిఘా: పిల్లలకు తెలియకుండా సందేశాలు చదవడం, కాల్స్ రికార్డు చేయడం, ఎక్కడున్నారో కనిపెట్టడం. మొదటి మూడింటికీ నాలుగోదానికీ మధ్య పెద్ద తేడా ఉంది. మొదటివి పిల్లలకు తెలిసి జరుగుతాయి. నాలుగోది బయటపడిన రోజున పెద్దల మీద నమ్మకం పోతుంది.

గూగుల్ సంస్థ 2017లో మొదలుపెట్టిన ఫ్యామిలీ లింక్ ఉచితంగా దొరికే సాధనం. పిల్లల గూగుల్ ఖాతాను పెద్దల ఫోన్‌తో జతచేస్తే, కొత్త యాప్ దించుకోవడానికి పెద్దల అనుమతి కావాలి, రోజుకు ఇంత సమయమని పెట్టవచ్చు, నిద్రవేళకు ఫోన్‌కు తాళం వేయవచ్చు, ఫోన్ ఎక్కడుందో చూడవచ్చు. ఇది పిల్లల సందేశాలను మాత్రం చూపదు. ఐఫోన్‌లో 2018 నుంచి స్క్రీన్ టైమ్ ఉంది. చిన్న పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్ 2025 ఫిబ్రవరిలో భారత్‌లో టీన్ ఖాతాలు తెచ్చింది. 18 ఏళ్ల లోపువారి ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివారు సందేశం పంపలేరు, 16 ఏళ్ల లోపువారు ఈ రక్షణలను సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. వయసు తప్పు చెప్పి ఖాతా తెరిస్తే ఈ రక్షణలు వర్తించవు. అందుకే ఖాతాలో పుట్టిన తేదీ సరిగా ఉందో లేదో చూడడం మొదట చేయవలసిన పని.

రహస్య నిఘా యాప్‌ల వల్ల వేరే అపాయం ఉంది. అవి సేకరించిన పిల్లల సందేశాలు, ఫొటోలు, చిరునామాలు ఎక్కడో ఒక సంస్థ కంప్యూటర్లలో చేరతాయి. ఎంస్పై అనే నిఘా యాప్ సమాచారం 2015లో, 2018లో, మళ్లీ 2024లో బయటికి పొక్కింది. పిల్లల్ని కాపాడుకోవాలని పెట్టిన యాపే వారి వివరాలను దొంగల చేతికి అందించవచ్చు. గూగుల్ కూడా 2020 అక్టోబరు నుంచి తన ప్లే స్టోర్‌లో దొంగచాటు నిఘా యాప్‌లను నిషేధించి, పిల్లల పర్యవేక్షణ యాప్‌లు దాచిపెట్టకుండా పనిచేస్తేనే అవకాశం ఇచ్చింది. ప్లే స్టోర్ బయట నుంచి లింకు ద్వారా దించుకోమనే నిఘా యాప్‌ను ఏ ఇంట్లోనూ పెట్టకూడదు.

ఒకే ఫోన్ ఉన్న ఇల్లు

పిల్లవాడికి వేరే ఫోన్ ఉంటుందన్న ఊహ మీద ఫ్యామిలీ లింక్ వంటివి తయారయ్యాయి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నచోట అవి పూర్తిగా పనికిరావు. అక్కడ చేయదగినవి వేరే ఉన్నాయి, వాటికి చదువు పెద్దగా అక్కర్లేదు. ఊళ్లో సెల్ షాపులోనో, సచివాలయంలోనో, బడి మాస్టారి దగ్గరో ఒకసారి చేయించుకుంటే చాలు.

డబ్బు యాప్‌లకు వేరే తాళం పెట్టాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు. వాళ్ల ముందు కొట్టకూడదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా, వయసును బట్టి యాప్‌లు దొరికేలా మార్చుకోవాలి. యూట్యూబ్‌లో పరిమిత మోడ్ పెట్టాలి. చిన్న పిల్లలకు ఫోన్ ఇచ్చేటప్పుడు ఒకే యాప్ తెరిచి ఉండేలా పిన్ చేసి ఇవ్వవచ్చు. ఫోన్‌లో ఒకటికంటే ఎక్కువ యూజర్ ఖాతాలు పెట్టే వీలుంటే పిల్లలకు వేరే ఖాతా తెరవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకు కూడా నేర్పాలి. ఎందుకంటే ఆ ఇంట్లో బ్యాంకు సందేశాలు చదివేది వాళ్లే.

చదువురాని తల్లి కూడా గట్టి కాపు కాయగలదు. రోజూ కోతల నుంచి వచ్చాక ఇవాళ ఫోన్‌లో ఏం చూశావమ్మా అని అడగడం, ఒక వీడియో తనకూ చూపించమనడం, మొహం వాడిపోయి ఉంటే గమనించడం ఏ యాప్ చేయలేని పనులు. మిరప రైతు తామర పురుగు కోసం ఆకు తిప్పి చూస్తాడే గాని మొక్కను పీకి చూడడు. పిల్లల విషయంలోనూ చూపు ఆ పాటిదే కావాలి.

ఆడపిల్లలు

ఫోన్ కాపు ఈ ప్రాంతంలో కొడుకుకూ కూతురికీ ఒకేలా ఉండదు. అసర్ 2023 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చిన 14–18 ఏళ్ల మగపిల్లల్లో దాదాపు 44 శాతం మందికి సొంత స్మార్ట్‌ఫోన్ ఉంటే, ఆడపిల్లల్లో అది 20 శాతమే. కొడుకు ఫోన్‌ను ఎవరూ ముట్టుకోరు. కూతురి ఫోన్‌ను అన్నయ్య, బాబాయి, మేనమామ అందరూ తిప్పి చూస్తారు. బెట్టింగ్, పందెం ఆటలు, అశ్లీల దృశ్యాల వల్ల మగపిల్లలు పాడవుతున్నా వాళ్ల మీద చూపు లేకపోవడం ఇందులో ఒక నష్టం.

రెండో నష్టం ఇంకా పెద్దది. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. అలాంటి చోట ఆడపిల్ల ఫోన్‌లో ఒక అబ్బాయి సందేశం కనిపిస్తే ఆమె చదువు ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎవరో ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నా ఇంట్లో చెబితే ఫోనూ పోతుంది, కాలేజీ పోతుంది, వెంటనే సంబంధాలు చూస్తారన్న భయంతో ఆమె నోరు మెదపదు. బెదిరించేవాడికి అసలు బలం ఆ ఫొటో కాదు, ఆ భయమే. తప్పు చేసినవాడిని వదిలి దెబ్బ తిన్న పిల్లను శిక్షించే ఇల్లు తెలియకుండానే ఆ నేరస్థుడికి తోడ్పడుతుంది. 18 ఏళ్లలోపు ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం.

హాస్టళ్లు, కళాశాలలు

పదో తరగతి దాటగానే ఈ పల్లెల పిల్లలు చాలామంది గుంటూరు, విజయవాడ, ఒంగోలు నగరాల్లోని రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతారు. చాలా హాస్టళ్లలో ఫోన్ ఉండదు. ఇంటికి మాట్లాడడానికి వారానికి కొద్ది నిమిషాలు దొరుకుతాయి. రెండేళ్లు ఫోన్ పూర్తిగా లేని పిల్లవాడు ఇంజనీరింగ్‌లో చేరిన రోజున ఒక్కసారిగా పూర్తి స్వేచ్ఛతో ఫోన్ అందుకుంటాడు. మధ్యలో నేర్చుకునే అవకాశం ఉండదు. పూర్తి నిషేధం కంటే మెల్లగా అలవాటు చేయడమే మేలని చెప్పడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

కాలేజీ పిల్లల విషయంలో న్యాయస్థానాలు కూడా మాట్లాడాయి. సాయంత్రం వేళల్లో ఫోన్లు అప్పగించాలన్న నిబంధనను ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన ఫహీమా షిరిన్ కేసులో 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని అందులో స్పష్టం చేసింది.

చట్టం ఏమంటుంది

మైనరు పిల్లల క్షేమం చూడడం తల్లిదండ్రుల బాధ్యత. అందుకోసం ఫోన్‌పై కన్నేసి ఉంచడాన్ని మన చట్టాలేవీ నిషేధించలేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంపెనీలకు వర్తిస్తుంది. ఇంటి అవసరం కోసం వ్యక్తులు చేసే పనులను మినహాయించింది. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. వారి సమాచారం వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. పిల్లల ప్రవర్తనను గమనించకూడదు, దాన్ని బట్టి ప్రకటనలు చూపకూడదు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వస్తాయి.

అయితే పిల్లలకూ గోప్యత హక్కు ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. భారత్ 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లల గోప్యతలో అకారణ జోక్యాన్ని వద్దంటుంది. పిల్లలకు 18 నిండితే వారు పెద్దలే. అప్పటి నుంచి వారి ఫోన్‌ను చూసే హక్కు అమ్మానాన్నలకు లేదు. ఒక స్త్రీ ఇంటర్నెట్ వాడకాన్ని ఒక పురుషుడు వెంటాడి గమనించడాన్ని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ నేరంగా చూస్తుంది.

నేరస్థులకు మాత్రం కఠిన శిక్షలున్నాయి. 2012 పోక్సో చట్టం పిల్లలను ఫోన్ ద్వారా లైంగికంగా వేధించడాన్ని కూడా నేరంగా పరిగణిస్తుంది. ఐటీ చట్టం 67బి సెక్షన్ పిల్లల అశ్లీల చిత్రాల పంపిణీకి మొదటిసారి అయిదేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు అలాంటి చిత్రాలను దగ్గర ఉంచుకోవడం, చూడడం కూడా నేరం కావచ్చని స్పష్టం చేసింది. కాబట్టి తమ పిల్లకు అన్యాయం జరిగిందన్న ఆవేశంలో ఆ ఫొటోను బంధువుల గ్రూపులో పెట్టడం పెద్ద పొరపాటు. బెదిరింపు సందేశాలు, ఫోన్ నంబరు, ప్రొఫైల్ పేరు స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు చూపితే చాలు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షన్ నిర్దేశిస్తుంది.

సోషల్ మీడియాకు వయసు పరిమితి పెట్టాలన్న ఆలోచన ప్రపంచమంతటా బలపడుతోంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువారికి పెద్ద సోషల్ మీడియా వేదికలపై ఖాతాలు లేకుండా చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అలాంటి పరిమితిని పరిశీలిస్తున్నట్లు మంగళగిరి శాసనసభ్యుడు, విద్య, ఐటీ శాఖల మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో చెప్పారు.

పరిశోధనలు

పర్యవేక్షణపై పరిశోధనల దారి మార్చిన వ్యాసం స్వీడన్‌లో పనిచేసిన హోకాన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో రాసినది. 14 ఏళ్ల పిల్లలను పరిశీలించి వారు ఒక విషయం తేల్చారు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసిన సంగతుల్లో ఎక్కువ భాగం నిఘా వల్ల, ప్రశ్నల వల్ల వచ్చినవి కావు; పిల్లలు తమంతట తాము చెప్పినవి. పిల్లలు చెడుదారి పట్టకుండా ఉండడానికి కూడా ఎక్కువగా తోడ్పడింది ఆ చెప్పుకునే చనువే. ఫోన్లు పిల్లల చేతికి రాకముందు జరిగిన ఈ పరిశోధన ఫోన్ల కాలానికి ఇంకా బాగా వర్తిస్తుంది.

అమెరికాలో పమేలా విస్నియెవ్‌స్కీ బృందం 2017లో 75 ఆండ్రాయిడ్ రక్షణ యాప్‌లను పరిశీలించింది. వాటిలోని సదుపాయాల్లో 89 శాతం తల్లిదండ్రుల అదుపు కోసమే ఉన్నాయి. పిల్లలు తమను తాము అదుపు చేసుకోవడానికి సాయపడేవి చాలా తక్కువ. యాప్‌లు అమ్మేవారు భయాన్ని అమ్ముతున్నారు; నేర్పడం మనమే చేయాలి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది

ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు రోజంతా పనిచేస్తుంది. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. పిల్లల అశ్లీల చిత్రాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. అత్యవసరంలో 112 ఉంది. 2025 మార్చి 8న మార్కాపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించిన శక్తి యాప్‌లో ఆపద మీట నొక్కితే పోలీసులకు సమాచారం అందుతుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో నియమితులైన మహిళా పోలీసులు పల్లెల్లోని ఆడపిల్లలకు దగ్గరలోని తోడు.

18 ఏళ్లలోపు వారి నగ్న చిత్రాలు ఇంటర్నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ 2023 నుంచి ఉంది. ఫొటో ఫోన్ దాటి బయటికి పోదు. దాని గుర్తును మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు పంపి తీసివేయిస్తారు. ఆటల వ్యసనానికి, బెదిరింపుల వల్ల కలిగే కుంగుబాటుకు టెలీమానస్ 14416 నంబరులో ఉచితంగా మాట్లాడవచ్చు. తెలుగులోనూ సలహా ఇస్తారు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు.

వయసును బట్టి కాపు

పదేళ్లలోపు పిల్లలకు ఫోన్ పెద్దల కళ్లముందే, పక్కన కూర్చుని. 10 నుంచి 13 ఏళ్ల వారికి సోషల్ మీడియా ఖాతా వద్దు. యాప్‌లకు అనుమతి, సమయానికి పరిమితి ఉండాలి. 14 నుంచి 16 ఏళ్లకు ముందే మాట్లాడుకున్న నియమాలు, ప్రైవేటు ఖాతా, రాత్రి ఫోన్ ఇంటి నడిమధ్య ఛార్జింగ్. 17 వచ్చాక నియమాలు తగ్గించి, సలహా పెంచాలి. ఏ వయసులోనైనా సందేశాలు చదవవలసి వస్తే, బెదిరింపు, ఆత్మహత్య ఆలోచన, అపరిచితుడిని కలవబోవడం వంటి గట్టి కారణం ఉండాలి. ఆ సంగతి పిల్లలకు చెప్పి చదవాలి. కొడుక్కీ కూతురికీ ఇవే నియమాలు.

ఈ మైదానంలో ఫోన్ కాపు గురించి ఇంతవరకు తెలిసినదాని సారం ఒక్కటే. పిల్లలను కాపాడేది యాప్ కాదు. ఆపద రాగానే అమ్మ దగ్గరికో, నాన్న దగ్గరికో, నాయనమ్మ దగ్గరికో వచ్చి చెప్పగల ధైర్యం. ఆ ధైర్యాన్ని పెంచే పర్యవేక్షణ మంచిది, చంపేది చెడ్డది. అందువల్ల ప్రతి తల్లీ తండ్రీ ఈ రాత్రే పిల్లలకు ఒక మాట ఇవ్వాలి: ఫోన్‌లో నీకు ఏం జరిగినా మాకు చెప్పు, ముందు నిన్ను కాపాడతాం, నీ చదువు ఆపం. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.